ఆ ఇంటిపేరు దొరగారిదేనా?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. పద్నాలుగేళ్లుగా అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో ఉంటున్నాను. మావారు ఆఫ్రికన్ అమెరికన్. పాపకి పన్నెండేళ్లు. స్కూల్లో వంశవృక్షం తయారుచేసి తెమ్మన్నారు. మా నాన్నగారికి ఫోన్ చేస్తే కూర్చున్న చోటు నుంచే ఏడు తరాల పేర్లు చెప్పారు. మావారి వైపు మాత్రం మా మామగారి తాత దగ్గర ఆగిపోయింది. ఆయన 1882 ప్రాంతంలో దక్షిణ వర్జీనియాలో, పొగాకు పండించే ఒక కౌంటీలో పుట్టారని తప్ప ఏమీ తెలియదు. మామగారు పోయి ఆరేళ్లయింది. అత్తగారిని అడిగితే, "ఆ పేరు మనల్ని బానిసలుగా పెట్టుకున్నవాడిది, దాన్ని తవ్వకు" అన్నారు. పాప అది విని, "అయితే నా పేరు నాది కాదా అమ్మా?" అంది. ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. బానిసత్వం పోయాక ప్రభుత్వం రాసిన కాగితాల్లో మా వాళ్లు దొరుకుతారా? ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు, రిచ్‌మండ్

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో మీ ఇంటిపేరు, కౌంటీ పేరు కూడా రాశారు. మీ కుటుంబం గురించి నలుగురికీ తెలియడం బాగుండదని వాటిని ఇక్కడ వేయలేదు. వర్జీనియాలో వెతకడానికి ఉన్న దారులు కొన్ని మిగతా రాష్ట్రాల్లో లేవు. అందుకే ముందు మీకు పనికొచ్చేవే రాస్తాను.

అంతకన్నా ముందు పాప ప్రశ్న. అత్తగారి మాట అబద్ధం అనను. చాలా కుటుంబాల్లో యజమాని పేరే ఇంటిపేరుగా నిలిచింది. కానీ అందరిదీ అలా కాదు. బానిసత్వంలో ఉన్నవాళ్లకి దొర పుస్తకంలో ఇంటిపేరు ఉండేది కాదు, ఉత్త పేరే రాసేవాళ్లు. తమలో తాము మాత్రం చాలామంది ఒక ఇంటిపేరు పెట్టుకుని, పిల్లలకి చెప్పుకునేవారు. అది ఇప్పటి దొరది కాకుండా రెండు తరాల వెనక, తల్లినో తాతనో అమ్మేసిన పాత యజమానిది అయ్యేది. ఆ పాత పేరు పట్టుకుని ఉండటంలో ఒక ఆశ ఉంది. అమ్ముడుపోయిన అన్నదమ్ములు ఎప్పుడైనా కలిస్తే ఆ పేరుతోనే ఒకరినొకరు గుర్తుపట్టాలి. ఇంకొందరు తండ్రి పేరునే ఇంటిపేరు చేసుకున్నారు. కొందరు స్వేచ్ఛ వచ్చాక తమకు నచ్చిన పేరు ఎంచుకున్నారు.

మీ రాష్ట్రంలోనే బానిసగా పుట్టి, పెద్ద విద్యావేత్త అయిన బుకర్ టి. వాషింగ్టన్ సంగతి పాపకి చెప్పండి. ఆయన 1856లో ఫ్రాంక్లిన్ కౌంటీలో బరోస్ అనే ఆసామి పొలంలో పుట్టారు. 1861లో ఆ ఆసామి చనిపోతే ఆస్తి జాబితా రాశారు. అందులో పశువులు, సామాన్లతో పాటు ఈ పిల్లవాడి పేరూ ఉంది, పక్కన 400 డాలర్ల విలువ కట్టి. స్వేచ్ఛ వచ్చాక తల్లి పిల్లల్ని తీసుకుని వెస్ట్ వర్జీనియాలో ఉన్న భర్త దగ్గరికి వెళ్లింది. అక్కడ బడిలో హాజరు పిలుస్తుంటే అందరికీ రెండేసి పేర్లున్నాయని ఈ పిల్లవాడు గమనించాడు. తనకి ఒక్కటే ఉంది. తన వంతు వచ్చేసరికి 'బుకర్ వాషింగ్టన్' అని చెప్పేశాడు. వాషింగ్టన్ అనేది ఆయన మారుతండ్రి పేరు. ఆ మారుతండ్రి ఇంటిపేరు ఫెర్గుసన్. దొర ఇంటిపేరు బరోస్. అంటే ఈ పిల్లవాడి ఇంటిపేరు దొరదీ కాదు, మారుతండ్రి ఇంటిపేరూ కాదు. బడిలో నిలబడి తనకు తాను పెట్టుకున్నది. మీ పాప ఇంటిపేరు వెనక ఏముందో వెతికితే గానీ తెలియదు. వెతకకముందే అది వేరేవాడిదని ఒప్పుకోవలసిన పని లేదు.

ఇక వెతకడం. 1870లో జరిగిన అమెరికా జనాభా లెక్కల గురించి మీకు ముందు తెలియాలి. 1865 నాటికి బానిసత్వం నుంచి బయటపడిన నలభై లక్షల మందిలో ఎక్కువమంది పేరు, ఇంటిపేరుతో సహా మొదటిసారి ప్రభుత్వ జనాభా లెక్కల్లోకి ఎక్కింది అప్పుడే. అంతకుముందు 1850, 1860లో బానిసలకి వేరే జాబితా ఉండేది. అందులో యజమాని పేరు రాసి, కింద వయసు, ఆడా మగా, రంగు మాత్రం వేసేవారు. 'పురుషుడు, 10, నలుపు' అని ఉంటుంది, అంతే. అందుకే ఈ కుటుంబాల చరిత్ర వెతికేవాళ్లు 1870ని గోడ అంటారు. ఆ గోడ దాకా చేరడం ఒక పని, దాన్ని దాటడం ఇంకో పని. మొదటిది మీకు రెండు మూడు వారాంతాల్లో అయిపోతుంది. రెండో దానికి ఏడాది పట్టినా నిరాశపడకండి.

గోడ దాకా వెళ్లడానికి మామగారి నుంచి ఒక్కో మెట్టు వెనక్కి రండి. 1950 లెక్కలు 2022 ఏప్రిల్‌లో బయటపెట్టారు. మామగారు పిల్లవాడిగా అందులో ఉండాలి. అక్కడి నుంచి ఆయన తండ్రి, ఆపైన తాత. తాత 1882లో పుట్టారంటే, ఆయన్ని పిల్లవాడిగా చూపించాల్సినవి 1890 లెక్కలు. అవి 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కొన్ని కాలిపోయి, మిగతావి దెబ్బతిని, ఆ తర్వాత దాదాపు అన్నీ పోయాయి. కాబట్టి ఆయన తన తల్లిదండ్రులతో కలిసి కనిపించే ఒకే ఒక్క అవకాశం 1900. అప్పటికి పద్దెనిమిదేళ్లు, ఇంకా ఇంట్లోనే ఉండి ఉండొచ్చు. 1900 లెక్కల్లో పుట్టిన నెల, సంవత్సరం, పెళ్లై ఎన్నేళ్లయింది, తల్లికి ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు అన్నవి కూడా రాశారు. ఆ పేజీ దొరికితే జాగ్రత్తగా దాచుకోండి. ఆయన మరణ ధ్రువపత్రం కూడా తెప్పించండి. వర్జీనియాలో 1912 నుంచి ఇవి రాష్ట్రమంతా నమోదయ్యాయి. అందులో తల్లి పుట్టింటి పేరుతో సహా తల్లిదండ్రుల పేర్లకి గడులుంటాయి. అయితే ఆ వివరాలు చెప్పింది చనిపోయినాయన కాదు, ఇంట్లో ఎవరో కొడుకో కోడలో. దుఃఖంలో ఉండి చెప్పిన పేరు కొంచెం అటూ ఇటూ అయి ఉండొచ్చు.

ఇప్పుడు తాత తండ్రి. లెక్క ప్రకారం ఆయన 1850 ప్రాంతంలో, బానిసత్వంలో పుట్టి ఉండాలి. స్వేచ్ఛ వచ్చేసరికి పదిహేనేళ్ల కుర్రాడు. మీరు వెతుకుతున్న అసలు మనిషి ఈయనే. ఈయన పెళ్లి 1870ల్లో జరిగి ఉంటుంది. వర్జీనియా కౌంటీల పెళ్లి రిజిస్టర్లలో 1853 నుంచి వధూవరుల తల్లిదండ్రుల పేర్లు రాయించేవారు. చాలామంది జనాభా లెక్కల దగ్గరే ఆగిపోయి ఈ రిజిస్టర్ చూడరు. మీరు తప్పకుండా చూడండి. ఒకే వరుసలో ఆయన అమ్మానాన్నల పేర్లు దొరికే అవకాశం ఉంది.

అవి దొరికితే, నాకు బాగా ఇష్టమైన ఒక కాగితం దగ్గరికి మీకు దారి తెరుచుకుంటుంది. బానిసల పెళ్లికి చట్టం దృష్టిలో విలువ లేదు. భార్యని ఒకరికి, భర్తని ఇంకొకరికి అమ్మొచ్చు. 1866 ఫిబ్రవరి 27న వర్జీనియా ఒక చట్టం చేసింది. ఆ రోజుకి ఆలుమగలుగా కలిసి బతుకుతున్నవాళ్లంతా చట్టప్రకారం భార్యాభర్తలే, వాళ్ల పిల్లలు సక్రమ సంతానమే అంది. దానికోసం కౌంటీలవారీగా రిజిస్టర్లు రాశారు. ఆ రిజిస్టర్‌లో భర్త పేరు, వయసు, పుట్టిన చోటు, ఉంటున్న చోటు, చేసే పని, చివరి యజమాని పేరు, ఆ యజమాని ఊరు ఉంటాయి. భార్యకి కూడా విడిగా ఇలాంటి వివరాలే రాశారు. తర్వాత పిల్లల పేర్లు, వయసులు, ఎప్పటి నుంచి కలిసి ఉంటున్నారన్న తేదీ. భర్త యజమాని ఒకరు, భార్య యజమాని వేరొకరు అయిన జంటలు ఈ రిజిస్టర్లలో చాలామంది కనిపిస్తారు. మామగారి తాత తండ్రి అప్పటికి పదహారేళ్లవాడు. అమ్మానాన్నల పేర్ల పక్కన, పిల్లల గడిలో ఉండొచ్చు. అన్ని కౌంటీల రిజిస్టర్లూ మిగల్లేదు. మీ కౌంటీది ఉందో లేదో రిచ్‌మండ్‌లోనే ఉన్న లైబ్రరీ ఆఫ్ వర్జీనియా చెబుతుంది. 'వర్జీనియా అన్‌టోల్డ్' పేరుతో వాళ్లు ఇలాంటి కాగితాలు ఆన్‌లైన్‌లో కూడా పెట్టారు. అదే ఊళ్లో ఉంటున్నారు కాబట్టి ఒకసారి స్వయంగా వెళ్లండి. అక్కడి సిబ్బందిని అడగడానికి మొహమాటపడకండి.

ఈ రిజిస్టర్లు రాయించిన ఆఫీసు పేరు ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో. 1865 మార్చి 3న యుద్ధశాఖ కింద పెట్టారు, 1872 దాకా నడిచింది. తిండి లేనివాళ్లకి రేషన్, బడులు, ఆసుపత్రులు, కూలి ఒప్పందాలు, దౌర్జన్యాల మీద ఫిర్యాదులు, అన్నీ వీళ్లే చూశారు. ప్రతి పనికీ కాగితం పుట్టింది. కూలి ఒప్పందాలు ముఖ్యంగా చదవండి. స్వేచ్ఛ వచ్చిన మొదటి ఒకటి రెండేళ్లు చాలామంది పాత యజమాని పొలంలోనే వాటాకో జీతానికో పనిచేశారు. చేతిలో డబ్బు లేదు, నేల లేదు, ఎక్కడికి వెళ్తారు? అందుకే 1865, 1866 ఒప్పందంలో పొలం ఆసామిగా ఎవరి పేరుందో అది మంచి ఆధారం. కింద పనివాళ్ల పేర్లు, వేలిముద్రకి బదులు ఇంటూ గుర్తులు. పిల్లల్ని అనాథలని చెప్పి తల్లిదండ్రుల ఇష్టంతో పని లేకుండా పాత యజమానులకే పనికి కట్టబెట్టిన కాగితాలు కూడా ఉన్నాయి. మా పిల్లవాణ్ని ఇప్పించండని తల్లులు బ్యూరోకి పెట్టుకున్న అర్జీలున్నాయి. అవి చదివిన రోజు నేను ఇంకే పనీ చేయలేను.

ఈ బ్యూరో కాగితాల్లోని పేర్లకి వేలమంది వాలంటీర్లు 2015, 2016లో ఇండెక్స్ తయారుచేశారు. దాదాపు 18 లక్షల పేర్లు. ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు, అమెరికా జాతీయ మ్యూజియాలు నడిపే స్మిత్‌సోనియన్ వాళ్లకీ వెతికే పోర్టల్ ఉంది. పేరు కొడితే రాలేదని వదిలేయకండి. కాగితాలు బ్యూరో స్థానిక ఆఫీసులవారీగా కట్టలుగా ఉన్నాయి. మీ కౌంటీ ఏ ఆఫీసు కిందికి వచ్చేదో తెలుసుకుని ఆ కట్ట పేజీ పేజీ తిప్పితే, ఇండెక్స్‌లో తప్పుగా ఎక్కినవాళ్లు కూడా కంటబడతారు.

స్పెల్లింగ్ గురించి ఒక మాట. మన ఇళ్లలోనే అన్నయ్య పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకలా, తమ్ముడి పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటుంది కదా. అక్కడ చదవడం నేర్చుకోనివ్వని మనిషి నోటితో చెబితే, ఎక్కడి నుంచో వచ్చిన గుమస్తా తన చెవికి వినిపించినట్టు రాసుకున్నాడు. వర్జీనియాలో టాలియఫెర్రో అనే పాత ఇంటిపేరు ఉంది, దాన్ని పలికేది టాలివర్ అని. అక్షరాలు చూసి వెతికేవాడికి ఈ రెండూ ఒకటేనని ఎప్పటికీ తట్టదు. కాబట్టి మీ ఇంటిపేరుని అత్తగారి చేత పలికించండి. వాళ్ల ఊరివాళ్లు ఎలా పలుకుతారో అలా పలకమనండి. ఆ ఉచ్చారణకి దగ్గరగా వచ్చే స్పెల్లింగులన్నీ ప్రయత్నించండి.

ఇంకో ముఖ్యమైన జాగ్రత్త. అదే కౌంటీలో అదే ఇంటిపేరున్న తెల్ల భూస్వామి కనిపిస్తాడు, 1860 జాబితాలో అతని కింద సరిగ్గా సరిపోయే వయసుల మనుషులు కూడా ఉంటారు. దొరికేశాడు అనిపిస్తుంది. నేను అట్లాంటాలో ఉండే ఒక స్నేహితుడి కుటుంబం కోసం ఇలాగే పోల్చుకుని, ఎనిమిది నెలలు ఒక భూస్వామి వీలునామాలు, దస్తావేజులు చదివాను. ఆ తర్వాత స్నేహితుడి ముత్తాత అన్నగారి బ్యాంకు కాగితం దొరికింది. అందులో యజమాని పేరు పూర్తిగా వేరు. ఆ భూస్వామికీ వీళ్లకీ ఏ సంబంధమూ లేదు. ఆ ఇంటిపేరు వాళ్ల అమ్మమ్మ వైపు నుంచి వచ్చింది. అప్పటి నుంచి రెండు వేరువేరు కాగితాలు ఒకే మాట చెబితే తప్ప ఎవరినీ యజమాని అని రాయను. మీరూ రాయకండి.

బ్యాంకు కాగితం అన్నాను కదా. స్వేచ్ఛ పొందినవాళ్ల కోసం 1865లో ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకు పెట్టారు. ప్రభుత్వ చట్టంతో పుట్టింది కాబట్టి ప్రభుత్వమే దీని వెనక ఉందని జనం నమ్మారు. 1874లో అది మూతపడింది. 61,000 మంది చెమటోడ్చి దాచుకున్న దాదాపు 30 లక్షల డాలర్లు చిక్కుకుపోయాయి. చాలామందికి పూర్తిగా తిరిగి రాలేదు. ఆ అన్యాయం మధ్యలో మిగిలింది ఖాతా రిజిస్టర్లు. ఖాతా తెరిచేటప్పుడు అమ్మానాన్నల పేర్లు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, భార్య, పిల్లలు, పుట్టిన చోటు, పెరిగిన చోటు అడిగేవారు. తొలి ఫారాల్లో పాత యజమాని పేరు, తోట పేరు కూడా. చనిపోయిన తోబుట్టువుల పేర్లు, అమ్మేశాక ఎటు వెళ్లారో తెలియనివాళ్ల పేర్లు కూడా కొందరు చెప్పి రాయించారు. వర్జీనియాలో రిచ్‌మండ్, నార్‌ఫోక్, లించ్‌బర్గ్‌లలో బ్రాంచీలుండేవి. మీ మనిషి పేరే కాదు, అదే ఇంటిపేరున్న ప్రతి ఒక్కరిదీ చదవండి. స్నేహితుడి విషయంలో దారి చూపింది అన్నగారే కదా.

కుటుంబంలో ఎవరైనా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో చేరారేమో కూడా చూడండి. నల్లజాతి రెజిమెంట్లలో దాదాపు 1,79,000 మంది పనిచేశారు. సైనికుడో అతని భార్యో తర్వాత పెన్షన్‌కి అర్జీ పెట్టుకుంటే, ఆ ఫైలు వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటుంది. పెళ్లి సర్టిఫికెట్ లేని వితంతువు తన పెళ్లి నిజమని నిరూపించుకోవాలి, అందుకోసం ఒకే తోటలో పెరిగినవాళ్లు వచ్చి సాక్ష్యం చెప్పేవారు. సైన్యంలో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు ఎందుకుందో కూడా అధికారులు అడిగేవారు. ఇంటిపేరు ఎలా వచ్చిందో మనిషి తన నోటితో చెప్పిన మాటలు దొరికే అరుదైన చోటు అది. పన్నెండు పేజీల ఫైలూ ఉంటుంది, నూట యాభై పేజీలదీ ఉంటుంది.

జార్జియా, అలబామా, టెక్సస్ మూలాలున్న పాఠకులు 1867 ఓటర్ల జాబితాలు చూడండి. 1870 కన్నా మూడేళ్లు ముందే నల్లజాతి మగవాళ్ల పేర్లు వాటిలో ఉన్నాయి.

1870 పేజీ దొరికినప్పుడు మీ ఇంటి వరుస ఒక్కటే చూసి మూసేయకండి. గుమస్తా ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నాడు కాబట్టి ముందు పది పేజీలు, వెనక పది పేజీలు ఆ ఊరి మ్యాపు లాంటివి. పక్కింట్లో వేరే ఇంటిపేరుతో ఉన్న ముసలమ్మ మీ వాళ్ల అమ్మమ్మ కావచ్చు. 1870లో ఇంటి యజమానికి ఎవరు ఏమవుతారో రాయలేదు, అది 1880 నుంచే మొదలైంది. ఒకే ఇంటిపేరుంటే కొడుకనీ, వేరేదైతే పరాయివాడనీ అనుకోవద్దు. మనకి ఇంటిపేరు ఒకటైతే ఒకే వంశం అన్న లెక్క చిన్నప్పటి నుంచి ఒంటబట్టింది. అన్నదమ్ములే మూడు ఇంటిపేర్లతో ఉండొచ్చన్నది మన ఊహకి అందదు. అక్కడ అది మామూలు. మనుషులు కలిసి ఎక్కడెక్కడ కనిపిస్తున్నారో చూడండి. 1866 ఒప్పందంలో ఉన్న నలుగురు, 1870లో పక్కపక్క ఇళ్లలో ఉండి, ఒకరి పెళ్లికి ఒకరు సాక్షులుగా ఉంటే వాళ్లది ఒకే గూడు.

మీ నాన్నగారు ఏడు తరాలు చెప్పగలగడం గురించి కూడా పాపకి నిజం చెప్పండి. మీ ఇంటికి నేల ఉంది, ఆ నేలకి కాగితాలున్నాయి, పెళ్లి సంబంధాలప్పుడు వంశం అడిగేవాళ్లున్నారు. అదే ఊళ్లో పాలేరుతనం చేసిన కుటుంబాలని అడగండి, మూడో తరం దగ్గర ఆగిపోతారు. కోరంగి రేవులో ఓడెక్కి మారిషస్ చెరకు తోటలకి వెళ్లిన మన తెలుగువాళ్ల సంగతి చూడండి. అక్కడ బ్రిటిష్‌వాళ్లు బానిసత్వం రద్దు చేశాక తోటల పనికి ఇక్కడి నుంచి కూలీలని తీసుకెళ్లారు. అక్కడి గుమస్తా పుస్తకంలో తండ్రి పేరే ఇంటిపేరుగా స్థిరపడి, అసలు ఇంటిపేరు పోయిన కుటుంబాలు ఎన్నో. తెలివితేటలకీ గౌరవానికీ ఇందులో సంబంధం లేదు. ఎవరి గురించి ఎవరు కాగితం రాశారన్నదే తేడా.

గోడ దాటి వెనక్కి వెళ్తే యజమాని కుటుంబం వీలునామాలు, ఆస్తి జాబితాలు, అప్పుల దావాల్లోకి వెళ్లక తప్పదు. అక్కడ మీ వాళ్ల పేర్ల పక్కన ధర ఉంటుంది. ఆ కాగితం ముందు మీరు, మీవారు కలిసి చూడండి. పాపకి ఎప్పుడు, ఎలా చూపించాలో మీ ఇద్దరూ మాట్లాడుకున్నాకే చూపించండి.

అత్తగారిని ఒప్పించడానికి ప్రయత్నించొద్దు. 'తవ్వకు' అన్న మాట వెనక ఆవిడ విన్నవి, చూసినవి ఎన్ని ఉన్నాయో మనకి తెలియదు. దొర గురించి అడగకండి. మామగారివాళ్లు వెళ్లిన చర్చి ఏది, వాళ్లని ఎక్కడ పూడ్చారు, పెళ్లిళ్లకి ఏ ఊళ్ల నుంచి చుట్టాలు వచ్చేవారు, ఇంట్లో ఏ పేరు మళ్లీ మళ్లీ పెట్టుకునేవారు, ఇవి అడగండి. ఇంటిపేరు మారినా తాత పేరు మనవడికి పెట్టడం ఆ కుటుంబాల్లో చాలా గట్టిగా నిలిచింది. నాలుగు తరాల్లో తిరిగి తిరిగి వచ్చే పేరు ఒకటుంటే, 1870 పేజీలో మీ ఇంటిని గుర్తుపట్టడానికి ఇంటిపేరు కన్నా అదే ఎక్కువ సాయం చేస్తుంది. ఆవిడ చెబుతుంటే ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చా అని అడిగి, సరే అంటే చేయండి.

స్కూలు గడువు గురించి టెన్షన్ పడకండి. ఇప్పటికి దొరికినంతవరకే చెట్టు గీయమనండి. 1900 పేజీ కాపీ పక్కన అంటించమనండి. పైన ఖాళీ గడులు అలాగే ఉంచి, వెతుకుతున్నాం అని పెన్సిల్‌తో రాస్తే చాలు. పెళ్లి రిజిస్టర్‌లో తాత తండ్రిగారి అమ్మానాన్నల పేర్లు దొరికిన రోజు నాకు మళ్లీ రాయండి, 1866 రిజిస్టర్ ఇద్దరం కలిసి చదువుదాం.